పెంకుపురుగును కుటుంబం దాకా గుర్తుపట్టడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి మార్గదర్శి

వానలు మొదలయ్యాయంటే చాలు, ఫోటో పంపి "ఇదేం పురుగండీ?" అని అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. వేరుశనగ రైతులు, డిగ్రీలో జువాలజీ చదివే పిల్లలు, బడిలో సైన్సు చెప్పే మాస్టార్లు అందరూ అడుగుతారు. పేరు చెప్పి పంపితే ఆ ఒక్క పురుగే తెలుస్తుంది. ఆ పేరు దాకా వెళ్ళే దారి తెలిస్తే రేపు కనబడే పురుగును కూడా మీరే పోల్చుకుంటారు. అందుకే ఆ దారి రాస్తున్నాను.

ఇప్పటిదాకా శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన పెంకుపురుగులు దాదాపు 4 లక్షల జాతులు. తెలిసిన జంతుజాతుల్లో నాలుగింట ఒకటి ఇవే. ఇన్నింటిలో ఒక ఫోటో చూసి జాతి పేరు చెప్పడం చాలాసార్లు ఊహే అవుతుంది. కుటుంబం, అంటే దగ్గరి పోలికలున్న జాతుల పెద్ద గుంపు, అలా కాదు. భూతద్దం, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా తేల్చవచ్చు. కుటుంబం తేలితే అది ఏం తింటుందో, చేనుకు మేలు చేస్తుందో కీడు చేస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

పద్ధతి అంతటికీ సూత్రం ఒక్కటే: రంగును చివర చూడండి. ముందు రెక్కలు, తర్వాత పొట్ట, మీసాలు, పాదాలు, అన్నీ అయ్యాకే రంగు.

1. దగ్గర పెట్టుకోవలసినవి

- 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం
- అంచులున్న తెల్ల ప్లాస్టిక్ పళ్ళెం
- మూత ఉన్న చిన్న పారదర్శక డబ్బాలు
- మెత్తటి బ్రష్షు, పట్టకారు
- మిల్లీమీటర్లున్న స్కేలు
- పాత గొడుగు, తెల్ల పంచె
- నోటుపుస్తకం, పెన్సిలు (పెన్ను సిరా తడిస్తే కారిపోతుంది)

భూతద్దాన్ని పురుగు మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, పురుగున్న డబ్బాను అద్దం దగ్గరికి తీసుకురావాలి. వెలుతురు పక్కనుంచి పడాలి.

ఒక డబ్బాలో ఒక్క పురుగునే వేయండి. వేటాడే రకాలు పక్కదాన్ని తినేస్తాయి.

2. ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

మన దగ్గర రెండు అదనులున్నాయి. మొదటిది తొలకరి. మే చివర, జూన్‌లో మొదటి గట్టి వాన పడిన సాయంత్రం వేరుపురుగు తల్లి పురుగులు నేలలోంచి లేచి వేప, రేగు చెట్ల మీద గుంపులు కడతాయి. రెండోది ఈశాన్య రుతుపవనాల కాలం. అక్టోబరు, నవంబరులలో చెరువులు నిండినప్పుడు నీటి పెంకుపురుగులు బాగా దొరుకుతాయి.

చోటును బట్టి:

- పెన్నలో ఇసుక తిన్నెలు, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో తడి ఇసుక: పులి పెంకుపురుగులు. ఎండ ఎక్కాక చురుగ్గా తిరుగుతాయి. మనిషి దగ్గరికొస్తే లేచి నాలుగడుగుల అవతల వాలతాయి.
- వరిమళ్ళు, కంభం చెరువు లాంటి చెరువుల అంచులు: ఈదే పెంకుపురుగులు. సన్న జాలితో గడ్డి మొదళ్ళ పక్కన తోడి పళ్ళెంలో పోసి చూడాలి.
- ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు మెట్టల్లో తుమ్మచెట్లు: వానల తర్వాత జీరంగులు.
- ఒక పూట నిలవున్న పేడ: పేడపురుగులు. పేడను కదిలించాక కింది మట్టిని కూడా తవ్వాలి. పెద్దవి అక్కడే ఉంటాయి.
- తీగలు, పొదలు: కింద గొడుగు తిరగేసి పట్టి కొమ్మను కర్రతో తట్టండి. ఆకుల మీద కంటికి కనబడనివెన్నో గొడుగులో రాలతాయి.

నేల మీద తిరిగేవాటికి గుంట ఉచ్చు చాలు. ప్లాస్టిక్ గ్లాసును అంచు నేలకు సమంగా ఉండేలా పాతండి. అంచు వెంట్రుకవాసి పైకి ఉన్నా పురుగు పక్కకు తిరిగి పోతుంది. వాన నీరు పోవడానికి అడుగున సన్న చిల్లులు పెట్టి, పైన మూడు రాళ్ళ మీద పెంకు ముక్క కప్పండి. పొద్దున్నే చూడాలి. ఆలస్యమైతే చీమలు ఏమీ మిగల్చవు.

రాత్రిపూట తెల్ల పంచె కట్టి ముందు ట్యూబులైటు వేలాడదీస్తే చాలు. అమావాస్య దగ్గరి రాత్రుళ్ళు, గాలి లేని ఉక్కపోత వేళలు బాగా పనికొస్తాయి. వెన్నెల్లో పెద్దగా రావు.

వెలిగొండ, నల్లమల రిజర్వు అడవుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఏ పురుగునూ పట్టి తేకూడదు. పొలం గట్టు, పెరడు, ఊరి చెరువు దగ్గర నేర్చుకోవలసినది ఏళ్ళకు సరిపడా ఉంది.

3. చేత్తో తాకకూడనివి

వరిచేల నుంచి రాత్రి దీపాలకు వచ్చే సన్నటి పురుగు ఒకటుంది. సెంటీమీటరుకు లోపే ఉంటుంది. ఒళ్ళంతా నారింజ, నలుపు పట్టీలు, రెక్కలు పొట్టిగా వీపు మధ్యలోనే ఆగిపోతాయి. పేరు పేడెరస్. ఇది కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం చర్మానికి అంటుకుని ఒకట్రెండు రోజుల్లో మంట, బొబ్బలు వస్తాయి. నలపకుండా ఊదేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోవద్దు. వరిలో ఇది చిన్న పురుగులను తిని మేలు చేస్తుంది, కాబట్టి చంపాల్సిన పని లేదు.

రెండోది కంది, బెండ పూలను తినే నలుపు, నారింజ పట్టీల పెంకుపురుగు, మెలోయిడే కుటుంబానిది. దీని కాళ్ళ కీళ్ళ నుంచి కారే పసుపు ద్రవంలో కాంతారిడిన్ ఉంటుంది. దానితోనూ బొబ్బలొస్తాయి. పశువుల మేతలో పడితే వాటికీ ప్రమాదమే. పట్టకారుతోనే పట్టండి.

4. పురుగును కదలకుండా చేయడం

పరుగెత్తే పురుగు కాళ్ళ కణుపులు లెక్కపెట్టలేం. డబ్బాతో సహా ఫ్రిజ్ కింది అరలో పది నిమిషాలు పెట్టండి. మంచుగడ్డలు కట్టే పై అరలో వద్దు. బయటికి తీశాక కొద్ది నిమిషాలు మందకొడిగా ఉంటుంది. ఆ వ్యవధిలో ఈ ఫోటోలు తీసుకోండి:

- పైనుంచి, ఒళ్ళంతా
- వెల్లకిలా, ఒళ్ళంతా
- పక్కనుంచి
- ముఖం, మీసాలు
- వెనక కాలి పాదం

పక్కన స్కేలు ఉండాలి. పని అయ్యాక పట్టిన చోటే వదిలేయండి.

5. మొదటి మెట్టు: ఇది అసలు పెంకుపురుగేనా?

పెంకుపురుగుల వర్గం కోలియోప్టెరా. ముందు రెక్కలు గట్టిపడి పెంకులయ్యాయి. ఎగరడానికి పనికొచ్చే పలచటి రెక్కలు వాటి కింద మడిచి ఉంటాయి. చూడవలసినవి:

- రెండు పెంకులు వీపు మధ్యలో ఒకే నిలువు గీతగా కలుస్తున్నాయా?
- నమిలే దవడలున్నాయా? గుచ్చి పీల్చే ముక్కు కాకూడదు.
- ఆరు కాళ్ళేనా?

మూడింటికీ అవునంటేనే ముందుకు వెళ్ళండి. ఇక్కడ చాలామంది పొరబడేవి నాలుగు. ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖమల్ గుడ్డ రంగులో నేల మీద తిరిగే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళు. అది కీటకమే కాదు, సాలీళ్ళకు చుట్టమైన మైట్. పత్తి మీద ఎర్ర నల్లికి రెక్కలు వీపు మీద గుణకారం గుర్తులా దాటుకుని ఉంటాయి, కింద పొడుగాటి ముక్కు దాగి ఉంటుంది. బొద్దింకకు ఒక రెక్క మీదికి ఇంకొకటి ఎక్కుతుంది. తోక దగ్గర పటకారు ఉన్న పొట్టి రెక్కల పురుగు చెవిపురుగు. పేడెరస్ లాంటి స్టాఫిలినిడే కుటుంబపు పెంకుపురుగులకూ పొట్టి రెక్కలే కానీ, ఆ పటకారు ఉండదు.

6. రెండో మెట్టు: వెల్లకిలా తిప్పి పొట్ట చూడండి

పెంకుపురుగుల్లో నాలుగు ఉపవర్గాలు. ఆర్కోస్టెమాటా, మిక్సోఫగా చాలా అరుదు, లేదా మిల్లీమీటరంత చిన్నవి. వాటిని పక్కన పెట్టవచ్చు. మిగిలినవి అడెఫగా, పాలిఫగా. మొత్తం జాతుల్లో పదింట తొమ్మిది పాలిఫగావే.

తేడా వెనక కాళ్ళు ఒంటికి అతికే చోట ఉంటుంది. ఆ కాలి మొదళ్ళు వెనక్కి చొచ్చుకొచ్చి పొట్ట మొదటి పలకను రెండుగా చీలిస్తే అడెఫగా. మొదటి పలక ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా ఒకే పట్టీగా ఉంటే పాలిఫగా. అర సెంటీమీటరుకు మించిన పురుగులో ఇది చేతి భూతద్దంతోనే కనబడుతుంది. మొదటిసారి అర్థం కాకపోతే నీళ్ళలో ఈదే పెద్ద పురుగును పట్టి చూడండి, చక్కగా తెలుస్తుంది.

అడెఫగాలో మనకు దొరికేవి కొన్నే. నేల మీద పరుగెత్తే కారాబిడే, ఇసుకలో తిరిగే పులి పెంకుపురుగులు, నీటిలో డైటిస్కిడే, నీటి పైన గిరగిరా తిరిగే గైరినిడే. గైరినిడే కళ్ళు రెండు భాగాలుగా చీలి ఉంటాయి. పై భాగం నీటి పైకి, కింది భాగం నీటి లోపలికి చూస్తుంది. పులి పెంకుపురుగు తల, కళ్ళతో కలిపి, మెడ పలక (తలకూ పెంకులకూ మధ్య వీపు మీది పలక) కన్నా వెడల్పు. దవడలు కొడవళ్ళలా ముందుకు చాచి ఉంటాయి. కారాబిడేలో బాంబర్డియర్ పురుగును రాయి కింద కదిలిస్తే టప్‌మని చప్పుడుతో మరిగే వేడి ఆవిరి వదులుతుంది. ముఖం దగ్గరగా పెట్టవద్దు.

7. మూడో మెట్టు: మీసాలు

పాలిఫగా అని తేలాక అసలు పని ఇక్కడే. తొందర పడకండి. మీసాలకు మామూలుగా 11 కణుపులుంటాయి. ఆ కణుపులు ఎక్కడ లావవుతున్నాయి, ఎక్కడ వంగుతున్నాయి అన్నదే చూడాలి.

- చివర కొన్ని కణుపులు రేకులుగా విప్పుకుంటే స్కారబైడే: పేడపురుగు, కొబ్బరి కొమ్ముపురుగు, వేరుపురుగు తల్లి.
- మూతి తొండంలా సాగి, దాని మీదనుంచి పుట్టిన మీసం మధ్యలో మోచేయిలా వంగితే కర్క్యులియోనిడే: ముక్కుపురుగులు.
- మీసం ఒంట్లో సగానికి మించితే, చాలాసార్లు ఒంటికన్నా పొడుగైతే సెరాంబిసిడే. కన్ను మీసం మొదలు చుట్టూ వంపు తిరిగి ఉంటుంది. మామిడి, జీడిమామిడి కాండం తొలిచే పురుగులు వీటివే.
- పొట్టిగా, రంపం పళ్ళతో ఉంటే బ్యుప్రెస్టిడే (జీరంగులు) లేదా ఎలాటెరిడే (క్లిక్ పురుగులు).
- పొట్టిగా, చివర ముద్దగా ఉంటే కాక్సినెల్లిడే: అక్షింతల పురుగులు. నీళ్ళలోనిదైతే హైడ్రోఫిలిడే.
- పూసలు గుచ్చినట్టు ఉంటే టెనెబ్రియోనిడే (పిండిపురుగు కుటుంబం) కావచ్చు. పాదాలు చూసి ఖాయం చేసుకోండి.
- సన్నగా, మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే మందంలో ఉంటే క్రైసోమెలిడే (ఆకు పెంకుపురుగులు) కావచ్చు. దీన్నీ పాదాలతోనే తేల్చాలి.

స్కారబైడే పురుగు బెదిరినప్పుడు రేకులు గట్టిగా మూసేస్తుంది. అప్పుడవి మామూలు ముద్దలా కనబడి మోసం చేస్తాయి. దాన్ని వేలి మీద ఎక్కనివ్వండి. ఎగరబోయే ముందు రేకులు విప్పుతుంది, అప్పుడు చూడండి.

8. నాలుగో మెట్టు: పాదాల కణుపులు

కాలి చివర గోళ్ళున్న భాగం పాదం. ముందు, నడిమి, వెనక కాళ్ళ పాదాలకు ఎన్నేసి కణుపులున్నాయో వరుసగా రాయండి.

- 5-5-5: చాలా కుటుంబాలు. ఇది ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం.
- 5-5-4: టెనెబ్రియోనిడే, మెలోయిడే. ఒళ్ళు మెత్తగా, తల వెనక మెడ సన్నగా, గోళ్ళు చీలి ఉంటే మెలోయిడే.
- 4-4-4 అనిపిస్తే: సెరాంబిసిడే, క్రైసోమెలిడే, కర్క్యులియోనిడే. నిజానికి ఐదు కణుపులు. నాలుగోది బుల్లిదై మూడోదాని రెండు చీలికల మధ్య దాక్కుంటుంది.
- 3-3-3 అనిపిస్తే: కాక్సినెల్లిడే. ఇక్కడా దాగిన కణుపు ఒకటుంది.

కొన్ని పేడపురుగులకు ముందు కాళ్ళకు పాదాలే ఉండవు. విరిగిపోయాయని అనుకోకండి, వెనక కాళ్ళు చూడండి.

9. ఐదో మెట్టు: జంటగా తికమక పెట్టేవి

*అక్షింతల పురుగుల్లో రెండు రకాలు.* రైతులకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను. అలసంద, పత్తి మీద పేనుబంకను తినే అక్షింతల పురుగు నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. వంగ ఆకును గీరి తినే 28 చుక్కల అక్షింతల పురుగు ఒళ్ళు సన్న నూగుతో మసకగా ఉంటుంది. చుక్కలు లెక్కపెట్టడం కన్నా మెరుపు, నూగు చూడటమే నమ్మకమైన గుర్తు. ఆరు మచ్చల జిగ్‌జాగ్ అక్షింతల పురుగులో ఒకే జాతిలోనే మచ్చలు రకరకాలుగా మారిపోతాయి.

పిల్లపురుగులను చూసి చాలామంది మంచిదాన్నే చంపేస్తున్నారు. పేనుబంక మధ్య తిరుగుతూ, పొడుగ్గా, నల్లగా, పసుపు లేదా నారింజ మచ్చలతో కనబడేది అక్షింతల పురుగు పిల్ల. అది తినేది పేనుబంకనే, ఆకును కాదు. వంగ మీదిది పసుపు రంగులో ఒళ్ళంతా కొమ్మలు వేసిన ముళ్ళతో ఉంటుంది, దాని చుట్టూ ఆకు జల్లెడై ఉంటుంది. మందు కొట్టే ముందు పిల్లపురుగు పక్కన పేనుబంక ఉందో, గీరిన ఆకు ఉందో చూడండి.

*అక్షింతల పురుగు, ఆకు పెంకుపురుగు.* గుమ్మడి, దోస పాదుల మీద ఎర్రగా కనబడేదాన్ని అక్షింతల పురుగంటారు. మీసం పొడవుగా సన్నగా ఉండి, పాదం నాలుగు కణుపులుగా కనబడితే అది క్రైసోమెలిడేలోని గుమ్మడి పెంకుపురుగు.

*డైటిస్కిడే, హైడ్రోఫిలిడే.* రెండూ నల్లగా, నున్నగా ఉంటాయి. పళ్ళెంలో నీళ్ళు పోసి ఈదనివ్వండి. వెనక కాళ్ళు రెండూ ఒకేసారి తెడ్డేస్తే డైటిస్కిడే. ఒకటి తర్వాత ఒకటి కదిపితే హైడ్రోఫిలిడే. గాలి కోసం తోకవైపు పైకి పెట్టేది డైటిస్కిడే, తలవైపు పెట్టేది హైడ్రోఫిలిడే.

*జీరంగి, క్లిక్ పురుగు.* వెల్లకిలా పడేయండి. టిక్‌మని ఎగిరి పడితే ఎలాటెరిడే. జీరంగి బ్యుప్రెస్టిడే, అలా ఎగరలేదు. క్లిక్ పురుగు మెడ పలక వెనక మూలలు మొనదేలి ఉంటాయి.

10. గాదెలో, గోడౌనులో దొరికేవి

ఇవి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. బియ్యంలో మూతి పొడుగ్గా, రెక్కల మీద నాలుగు లేత మచ్చలతో ఉండేది ముక్కుపురుగు, కర్క్యులియోనిడే. పిండిలో ఎర్రగోధుమ రంగులో చదునుగా ఉండేది పిండిపురుగు, టెనెబ్రియోనిడే. పెసలు, కందుల్లో గుండ్రటి చిల్లు పెట్టే పుచ్చుపురుగు క్రైసోమెలిడే కిందికే వస్తుంది, ఒంగోలు వైపు పొగాకు గోడౌన్లలో తల కిందికి వంచుకుని గూనిగా ఉండి, మీసం రంపంలా ఉండేది పొగాకు పెంకుపురుగు. అది ప్టినిడే కుటుంబానిది. పసుపులో, ఎండుమిర్చిలో కూడా పడుతుంది.

11. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

*రంగుతో మొదలుపెట్టడం.* చిలగడదుంప తీగ మీద బంగారు రేకులా మెరిసే తాబేటి పెంకుపురుగు చనిపోయాక ఆ బంగారు రంగు పోయి వట్టి గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగే ఆధారమైతే బతికినదీ చచ్చినదీ రెండు జాతులవుతాయి. కణుపులకు తిరిగి వెళ్ళండి.

*మగ, ఆడ తేడాను జాతి తేడా అనుకోవడం.* కొమ్ముపురుగులో మగదానికి కొమ్ము పొడవు, ఆడదానికి పొట్టి. ఒకే చోట, ఒకే పేడలో దొరికినవాటిని కలిపి చూడండి.

*పిల్లపురుగును పెద్దదానితో పోల్చడం.* పెంకుపురుగు గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్ద పురుగు అని నాలుగు దశలు దాటుతుంది. ఈ మెట్లన్నీ పెద్ద పురుగుకే. నేలలో సగం చుట్టుకుని తెల్లగా ఉండే లార్వా స్కారబైడే అని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

*మిణుగురుకు రెక్కలు లేవని వదిలేయడం.* కొన్ని మిణుగురుల్లో ఆడదానికి రెక్కలుండవు, లార్వాలాగే ఉంటుంది. అదీ పెంకుపురుగే, లాంపిరిడే.

*జాతి పేరు దాకా లాగడం.* కుటుంబం దగ్గర ఆగి "స్కారబైడే, జాతి తేలలేదు" అని రాసినది సరైన నమోదు. ఊహించి రాసిన పేరు ఆ తర్వాత చదివేవాళ్ళందరినీ తప్పుదోవ పట్టిస్తుంది.

12. నమోదు, దాచడం

ప్రతి పురుగుకూ ఇవి రాయండి:

- ఊరు, మండలం, జిల్లా
- తేదీ, వేళ
- ఏ మొక్క మీద, ఏ పేడలో, ఎంత లోతు మట్టిలో
- పొడవు మిల్లీమీటర్లలో
- పాదాల లెక్క, మీసం రకం
- పట్టినవారి పేరు

కాలేజీ కోసం దాచవలసి వస్తే, చచ్చి దొరికినవాటితోనే మొదలుపెట్టండి. వీధిదీపం కింద పొద్దున్నే కావలసినన్ని ఉంటాయి. పిన్నును కుడి పెంకు ముందు భాగంలోంచి నిటారుగా దించాలి. వీపు మధ్య గీతలో దించితే పెంకులు విడిపోతాయి. అర సెంటీమీటరు కంటే చిన్నవాటిని ముక్కోణపు అట్టముక్క కొసకు బంకతో అతికించండి. మన తీరపు ఉక్కకు బూజు త్వరగా పడుతుంది. పెట్టెలో సిలికా సంచులు, నాఫ్తలీన్ ఉండాలి. వానాకాలంలో తరచు తెరిచి చూసుకోవాలి. డెర్మెస్టిడే పురుగులు దాచినవాటినే తినేస్తాయి. పెట్టె అడుగున సన్నని పొడి కనబడితే ఆ పెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టి కొన్ని రోజులు మంచుగడ్డలు కట్టే అరలో పెట్టండి.

తేలనివాటి ఫోటోలు, పై వివరాలతో ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫోటోలు పెట్టి పేరు అడిగే వెబ్‌సైటు) పెట్టవచ్చు. పంటను తినేవాటినైతే దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి బతికి ఉండగానే, అది తిన్న ఆకుతో సహా తీసుకెళ్ళండి. పురుగు ఒక్కటే ఇస్తే వాళ్ళకు సగం పని మిగిలిపోతుంది.